మూడోసారీ ఎర్రలైటే

ఎడమ బొటనవేలు మూడోసారి అద్దం మీద పెట్టినా.
మూడోసారీ ఎర్రలైటే.
"నీ వేళ్లకు గీతల్లేవు కదమ్మా" అన్నాడు చిన్నచౌకు స్టేషన్ పిల్లోడు,
ఏదో తప్పు దొరికినట్టు.
ఇరవయ్యారేండ్లు కువైట్ ఆసుపత్రిలో
పూటకు నలభైసార్లు చేతులు కడిగినా నాయనా,
గీతలు ఆడనే, ఆ సింకులోనే పోయినాయి.
"గ్లిజరిన్ పూసుకోని సోమవారం రాండి."

లూర్దు ఫోన్లో ఒకటే నవ్వు.
పదేండ్లు ఒకే గదిలో రెండు మంచాలు మావి,
ఒకే కుక్కర్లో ఆమె బియ్యం, నా బియ్యం.
ఇప్పుడు ఫిలిప్పీన్స్‌లో, వాళ్ల ఊర్లో,
నాకని ఒక గదికి సున్నం కొట్టించి పెట్టింది.
గది తయారే.
ఆ దేశమే అడుగుతాంది: ఈమె మంచిదేనా?
కడప చెప్పాల, కువైట్ చెప్పాల,
ఇద్దరూ ఆర్నెల్ల లోపల చెప్పాల.
కువైట్ కాగితం వచ్చి, ముద్రలన్నీ పడి,
బీరువాలో కూర్చోని కడప కోసం చూసి చూసి
పోయిన నెల గడువు తీరి సచ్చింది.

పాస్‌పోర్టులో సువార్తమ్మను.
పదో తరగతి సర్టిఫికెట్లో ఓబులమ్మను.
ఇద్దరూ ఒకరేనని
వంద రూపాయల స్టాంపు కాగితం మీద నేనే ప్రమాణం చేసినా.
నోటరీ తలెత్తకుండానే నమ్మినాడు.

బేస్తవారం కానిస్టేబుల్ మా మరియాపురం సందుకొచ్చినాడు.
నన్ను ఎరిగినోళ్లు ఇద్దరు సంతకం పెట్టాలంట.
ఇస్త్రీ బండి ఖాజాపీరు
పెట్టె దించకుండానే ఎడమచేత్తో గీకినాడు.
రెండో మనిషి కోసం చూస్తే
సందులో తెరిచిన తలుపు ఒక్కటే:
ఎదురింటి జయసుశీల.

మోరీ మీద కడప బండ ఒకటుండాది.
నాదని నేను, తనదని ఆమె.
ఎనిమిదేండ్లాయ మాటల్లేక.

కిటికీ రెక్క ఎనకాల నిలబడి విన్నా.
"గొడవలేమన్నా ఉండాయా ఈమెతో?"
ఆమె బండ పక్క చూసింది.
చేతిలో చేట, చేటలో కందులు.
ఒక రాయి ఏరి పారేసి
"లేవు సార్" అనింది.
"ఎట్లాంటి మనిషి?"
"మంచిదే. మొండిది."
ఆయన మొదటి మాటే రాసుకున్నాడు.
రెండోదానికి ఫారంలో గడి లేనట్టుంది.

ఆ రాత్రి కరెంటు పోయినాక
గడ్డపార ఏసి
బండను జానెడు ఆమె పక్కకు జరిపినా.
నడుము పట్టేసింది.
పొద్దున ఆమె చూసింది, నేను చూసినా,
ఇంకా ఏమీ అనుకోలా.

సోమవారం.
ఎనిమిది వేళ్లు పడినాయి. రెండు పడలా.
పడని వాటికి ఎదురుగా కారణం రాయమన్నాడు.
పెన్ను అడిగి తీసుకోని
సబ్బు, అని రాసినా.