మూడు అంకెలు

మా అక్క థర్జా పదిహేనో ఏట మొదటిసారి బడికెళ్లింది.
అంతకుముందు బడంటే మా వంటింటి బల్లే.
దాని మీద కత్తిగాట్లు, జామ్ మరకలు,
ఓ మూల నేను మేకుతో చెక్కిన పడవ.
గంట లేదు. రొట్టె పొంగితే లెక్కలు ఆపేవాళ్లం,
పొంగకపోతే ఇంకో అధ్యాయం.
ఒక జనవరిలో పిండి మొరాయించి
రోమ్ సామ్రాజ్యం మొత్తం ఒక్క పూటలో కూలిపోయింది.

ఇప్పుడు తనకి నలభై రెండు నిమిషాలకో గంట.
"ఏదో అర్థమవబోతుంటుందిరా," అంటుంది బూట్లు విప్పుతూ,
"అప్పుడే అందరూ లేచిపోతారు."

మొదటి రోజు సైన్సు మాస్టారి పేరు
తలుపు మీద ఉన్నదున్నట్టు చదివింది: లెవెస్క్.
క్లాసంతా నవ్వింది.
లెవెక్ అట. ఎస్సు ఉంటుంది, పలకదు.
అక్కకి కంటితో తెలిసిన మాటలెన్నో,
చెవిన పడినవి తక్కువ.
ఆ రాత్రి నిఘంటువు ముందేసుకుని
ఇన్నాళ్లూ ముద్దుచేసిన మాటల్నే
ఒక్కొక్కదాన్నీ అనుమానంగా చూసింది.

లాకరు తెరుచుకోవడం లేదని
మా ఓవెన్ మీట మీద సాధన.
కుడికి పద్దెనిమిది, ఎడమకి ముప్పై రెండు, మళ్లీ కుడికి ఆరు.
ఓసారి తిప్పి అలాగే వదిలేసింది.
రొట్టె బొగ్గయింది.

భోజనాల హాల్లో ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పరట,
అందరికీ తెలుసట.
వారం రోజులు లైబ్రరీలో, భూగోళం బొమ్మ వెనక తింది.
తరవాత ఒడీల్ కార్మియే అనే అమ్మాయి
ఏమీ అనకుండా బెంచీ మీది తన సంచీ తీసి
ఒళ్లో పెట్టుకుంది. అంతే.
ఆ సంచీ ఆకుపచ్చదని మాకు మూడుసార్లు చెప్పింది.

మా అరూస్టుక్‌లో సెప్టెంబరు చివర
దుంపలు తవ్వడానికి బడి మూసేస్తారు.
హమ్మయ్య అంటుందనుకున్నా.
కేలెండరు మీద రోజులు కొట్టేస్తోంది,
గోళ్లనిండా మట్టితో.

నిన్న రాత్రి అన్నాల దగ్గర
నాన్న లారీ బ్రేకుల గురించి చెబుతుంటే
అక్క చెయ్యెత్తింది.
మోచెయ్యి బల్లకానించి, సగమే.
బాత్రూముకి వెళ్లొచ్చా అని.

నాన్న నవ్వబోయి, అమ్మని చూసి ఆగాడు.
అమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఉంది.
పదేళ్లు ఆ బల్ల దగ్గరే అక్షరాలు దిద్దించింది,
ఒక్కనాడూ ఎవర్నీ చెయ్యెత్తమనలేదు.
"వెళ్లు" అంది, చాలాసేపటికి,
టీచరులా కాదు,
అలాగని అమ్మలానూ కాదు.
అక్క అప్పటికి చెయ్యి దించి దాన్నే చూసుకుంటోంది,
ఎవరిదో అన్నట్టు.

అందరూ పడుకున్నాక నేను వంటింట్లోకెళ్లాను.
చీకట్లో మీట దొరికింది, చల్లగా.
కుడికి పద్దెనిమిది.
తరవాతి అంకె మర్చిపోయాను.
పొద్దున అక్కని అడగాలి,
ఊరికే అడిగినట్టు.