పద్దెనిమిదో బెజ్జం

జియాగూడ మండి నుంచి ఆటోల వచ్చింది పోతు.
టోలీచౌకి దాటేదాక
చిన్నాయన తొడ మీద తలవెట్టి పండుకున్నదట.
పదకొండు వేల రెండు వందలు.
ఒళ్లంత నలుపు, ఎడమ చెవి ఒక్కటే
సున్నంల ముంచినట్టు.
ఆదివారం బోనాలు. అది శుక్రవారం.

తాడు విప్పింది నేనే.
మెడకాడ ఒరుసుకపోయి ఎర్రగైతే
జర వదులు చేద్దామనుకున్న, అంతే.

మా ఇంటెనకనే ఖాజాగూడ గుట్ట.
గోడ దుంకి, పెంటకుప్ప దుంకి,
సీతాఫలం పొదలల్ల దూరి
రాయెక్కింది పోతు.
దాని ఎన్క మేము:
నాయిన, ఓబులేశు చిన్నాయన,
కుచ్చిళ్లు బొడ్లె చెక్కి మంకాళత్త,
ఒక్క చెప్పుతోని తమ్ముడు,
అందరికంటె ఎన్క, చేతులు వాసన చూస్కుంట నేను.

పొద్దుగాల్ల కురిసిన వాన సగం ఆరింది.
ఆరని సగం మీద కాలు పెడితే కిందికే.
మేక నడిచినప్పుడు దారి ఉన్నట్టే కనవడ్తది,
మనం పోయేసరికి ఉండదు.
"అటు మలుపుండ్రి" అని ఒకలు,
"బెదరగొట్టకుండ్రి" అని ఒకలు.
అది మాత్రం రొట్టెంత జాగల
నాలుగు గిట్టలు సర్దుకోని
తాపీగ నెమరేస్తున్నది.

అది నిలబడ్డది తాత బండ మీద.

మేం ఒడ్డెరోళ్లం.
తాత తిప్పన్న పగులగొట్టిన రాయి
ఏ బంజారాహిల్స్ ఇంటి కింద ఉన్నదో ఆయనకే తెల్వదు.
ఈ బండ ఒక్కటి మిగిలింది.
అడ్డంగ కుట్టేసినట్టు
దాని మీద ఉలి బెజ్జాల వరుస.
మేకులు దిగలే, సమ్మెట పడలే.

నాయిన చెప్పులిడిచిండు.
బొటనేలు మొదటి బెజ్జంల పెట్టిండు.
తమ్ముడు కిందికెల్లి లెక్క పెడుతున్నడు,
పన్నెండు, పదమూడు,
అత్త నోట్లె కొంగు కుక్కుకున్నది,
పదహారు, పదిహేడు...

పద్దెనిమిదోది సగమే ఉన్నది.
తవ్వి ఆపిన గుర్తు, గోరు మందం లోతు.
ఏలు జారింది.
పొట్టతోని బండను కరుచుకోని
ఎట్లనో పైకి పాకి కూసున్నడు నాయిన.
మూడు మూరల అవతల పోతు.
ఇద్దరూ పడమర దిక్కు
అద్దాల బిల్డింగులల్ల
ముప్పై సూర్యులు గూకుడు చూస్తున్నరు.

అత్త తమ్ముడి జేబుల చెయ్యి పెట్టి
చిప్స్ పాకెట్ తీసి గలగలలాడిచ్చింది, ఉత్త పాకెట్.
చెవి లేసింది, తెల్లదే.
మేమెవ్వరం చూడని సందుకెల్లి
మెట్లు దిగినట్టు దిగొచ్చి
ఆమె అరచేయి నాకింది.

పోతు దొరికింది.
నాయిన దొరకలే.

ఎక్కినంత అలకగ దిగుడు ఉండదు గద.
చీకటి పడ్డది. సెల్ఫోన్ లైట్లు పట్టినం.
ఆఖరికి చిన్నాయన వేరే పక్క నుంచి ఎక్కి
పోతు తాడు నాయిన నడుముకు కట్టి దించిండు.
కింద పడంగనే నాయిన నవ్వబోయి
నవ్వలేదు.

ఆ రాత్రి అన్నం ముందల అవ్వనడిగిండు:
"పదిహేడు నిండ కొట్టినోడు
పద్దెనిమిదోది ఎందుకిడిసిపెట్టిండే?"
అవ్వ ఎల్లిపాయలు ఒలుచుకుంట,
"ఏమో రా. కూలియ్యలేదేమో.
కల్లుకు పోయిండేమో."
ఇంకొక ఎల్లిపాయ ఒలిచి,
"ఆ ఎండకాలం చానా మందికి చేతులు లేవలే" అన్నది.
మళ్ల అడిగితే చెప్పలే.

ఆదివారం నెత్తి మీద నీళ్లు చల్లంగనే
పోతు ఒళ్లు విదిలించింది.
అమ్మ ఒప్పుకున్నదన్నరు.
కూర రెండు గంటలు ఉడికినా కండ మెత్తవడలే.
"గుట్టెక్కిన కండ గట్లనే ఉంటది" అని
చిన్నాయన బొక్క చీకుతున్నడు.
నేను గూడ తిన్న. రెండోసారి అడిగి ఏసుకున్న.

ఇప్పుడు బండ చుట్టు కంచె,
లోపటికి పోనియ్యరు.
నాయిన బొటనేలు గోరు ఊడి మళ్లొచ్చింది, వంకరగ.
దాన్ని గోక్కుంట అప్పుడప్పుడు అడుగుతడు
ఎందుకాపిండో అని,
ఆ ఎంటనే,
గంత గట్టి ముడి ఎట్లూడిందో అని.

మొదటిది నాకు తెల్వదు నాయినా, అంట.