మూడుకు రెండు

వారాసిగూడ చౌరస్తా దాటినంక
కుట్టుమిషన్ల రిపేరు దుకాణం పక్క, మెట్ల కింద
మునవ్వర్ గేమ్ పార్లర్. గంటకు నలభై.
క్రికెట్ డిస్కుకు లైను, ఫుట్‌బాల్‌కు లైను.
బేస్‌బాల్ డిస్కు మాత్రం
ఎవరో బాకీ కింద ఇచ్చిపోయిందట,
గీతలు పడి, కవరు లేక, మూలకు.

పొద్దంత నేను కరెంటు మీటర్లు రాస్త.
కుక్కలను తప్పించుకుంట, ఇల్లిల్లు తిరిగి
చీకటి మూలల అంకెలు చదివేటోణ్ణి.
అందుకనేమో, టీవీ అంచుకున్న ఆ రెండు చిన్న అంకెలు
బంతి కంటే ముందు నాకు కనబడ్డయి.
కనబడ్డయి గని, సమజు కాలే.

మొదటి నెల, వచ్చిన ప్రతి బంతిని కొట్టవోయిన.
గల్లీ క్రికెట్ చేతులు గదా,
బంతి వదిలినోణ్ణి ఎక్కిరించుడు మా గల్లీ రివాజు.
గుండ్రం బటన్. బలమంత గుండ్రం బటన్ మీదనే.
మూడు ఊపులు, మూడూ గాలికి. పో, కూసో.
అవుతల బంతులేసేటోడు జోయెల్, ఏడో తరగతి,
ఒక చేత్తోని మిరపకాయ బజ్జీ తినుకుంటనే
నన్ను ఇంటికి పంపేటోడు.

ఒకనాడు వానికే జాలి కలిగింది.
"మీటరన్నా, బంతిని కాదు, లెక్కను చూడు.
మూడు బాల్స్, సున్నా స్ట్రైక్ ఉన్నప్పుడు
నాకు గతి లేదు, నడుమ వెయ్యాల్సిందే.
అప్పుడు నువ్వు రాజువి. ఒక్క మూల అనుకో,
అక్కడికొస్తెనే కొట్టు. లేకుంటే చేతులు కట్టుకో.
సున్నాకు రెండైతే నేను రాజును.
చెత్త వేస్త, నేలకేస్త, నువ్వు ఎగబడ్తవని.
అప్పుడు గుండ్రం మరిచిపో. చదరం ఒత్తు.
చిన్నగ ఊపు. తగిలితే చాలు.
గీతవతలికి పోయినా చావు లేదు,
ఇంకో బంతి అడుక్కున్నట్టే."
వాని మూతి నిండ శనగపిండి.

అప్పటిసంది ఆగుడు నేర్చుకుంటున్న.
ఆగుడంటే ఊకె కూసునుడు కాదు.
బొటనవేలు బటన్ మీదనే ఉంటది, దాని కింద నరం కొట్టుకుంటది.
బంతి వాని చెయ్యి విడిచినంక, రెప్ప పడేటంతల
ఔను, వద్దు, రెండూ నోట్లనే ఉంటయి.
వదిలిన బంతి బయటికి పోయి
అంచుకున్న అంకె ఒకటి పెరిగితే,
ఏమీ చెయ్యక ఇంత సంపాదించుకునుడు
నా నౌకరీల ఎన్నడూ చూడలే.

ఒకటికి ఒకటి ఉన్నప్పుడు ఏం చెయ్యాల్నో
ఇప్పటికీ తెల్వది.
అడిగితే జోయెల్ భుజాలెగరేసిండు. "నాకూ తెల్వది."

మొన్న శుక్రవారం, ఆఖరి ఇన్నింగ్స్.
ఒక్క పరుగు వెనుకున్న. రెండు బేసుల మీద మనుషులు.
వచ్చుడు వచ్చుడే సున్నాకు రెండు.
చదరం. గీతవతల.
చదరం. గీతవతల.
నేలకేసిండు, చూసిన. ఒకటి.
ఎత్తుకేసిండు, చూసిన. రెండు.
మల్ల గీతవతల.
బయటికి, వెంట్రుకవాసి బయటికి.
వేలు వణికింది గని ఒత్తలే. మూడు.
క్రికెట్ పోరగాళ్లు ఆట ఆపి మా వెనుక నిలబడ్డరు.
గంట అయిపోయిందని చెప్పుడు మునవ్వర్ మరిచిండు.

మూడుకు రెండు.
ఇగ వానికీ జాగ లేదు, నాకూ జాగ లేదు.
జోయెల్ బజ్జీ కింద పెట్టిండు.
చెయ్యి లాగుకు తుడుసుకున్నడు.
బంతి విడిచిండు.

కరెంటు పోయింది.

చీకట్ల అందరు నా దిక్కే తిరిగిండ్రని ఎరుకైంది.
"మీటరన్నా, మీ డిపార్ట్‌మెంటే" అన్నడు మునవ్వర్.
ఏం చెప్పాలె. అంకెలు రాసేటోణ్ణి,
తీగెల సంగతి నాకేం ఎరుక.

"బయటికే ఏసిన" అన్నడు జోయెల్, చానసేపటికి.
"వదిలేస్తే నడిచిపోయేటోనివి."

నేనేమనలే.
చేతిల రిమోట్ ఇంకా వెచ్చగుంది.
నా వేలు గుండ్రం మీద
లోపలిదాక ఒత్తి ఉంది.