తాలు

మిర్చి యార్డు గేటుకెదురుగా మా కమీషన్ కొట్టు.
పట్టీలు రాయడానికని షావుకారు కొన్న కంప్యూటర్
పగలంతా టిక్కీలు, తూకాలు, తరుగులు లెక్కేసి
రాత్రికి నా చేతికి చిక్కేది.
దానికి నేనిచ్చిన రెండో కొలువు
షావుకారుకు తెలీదు.

ఎక్కడో సముద్రం మధ్య దీవిలో
కొండల నడుమ చెరువంత పళ్లెం
మిన్నుకేసి వెల్లకిలా పరిచారు.
అందులో పడ్డ రొదను ముక్కలు కోసి
అడిగినవాళ్లకల్లా తలా ఒకటి పంచుతున్నారు.
నా వంతుకొచ్చిన మచ్చు
నూట ఏడు సెకన్ల ఆకాశం.

ఫోను తీగ మీద అది దిగడానికి
ఒక టీ తాగేంత సేపు.
జల్లెడ పట్టడానికి రెండు రాత్రులు,
మధ్యలో కరెంటు పోతే ఇంకోటి.

ఎండాకాలం, సీజను నడుమ,
మూత విప్పి లోపలి ఫ్యాను తుడిస్తే
గుడ్డంతా ఎర్రన.
తుమ్ముతూ తుడిచేవాణ్ని.
అవతల ఎవరైనా చెవొగ్గి ఉంటే
మనవైపు నుంచి ముందు వినబడేది
నా తుమ్మే.

ఒకరోజు మంచినీళ్లకని లోపలికొచ్చింది సువార్తమ్మ,
కాయలు గ్రేడు చేసే ముఠా పెద్ద.
తెర మీద లేస్తున్న ముళ్లు చూసి
"ఏంది మస్తానూ, రేటు ఇట్టా ఎగురుతుంది?"
రేటు కాదమ్మా, ఆకాశం.
"ఆకాశం ఎంత పలుకుద్ది?"
పలుకుద్దేమోననే చూస్తున్నా, అన్నాను.
చుక్కల్లో ఎవరన్నా మాట్లాడుతుంటే
ఆ మాట ఈ రొదలో ఉంటుందని.
"దొరికిందా మరి?"
లేదు. ఇప్పటిదాకా అంతా తాలే.
చెంబు దించి, మండే వేళ్లు కొంగుకి తుడుచుకుంటూ
"తాలు ఏరినందుకేగా మాకు కూలి" అంది.
వెళ్తూ వెళ్తూ తిరిగి
"నీకెంతిస్తారు?"

ఏమీ ఇవ్వరని చెప్పలేకపోయాను.

కరెంటు బిల్లు పట్టుకుని షావుకారు కూర్చోబెట్టాడు.
ఉన్నదంతా చెప్పేశాను.
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, చాలాసేపటికి
"దొరికితే మన కమీషన్?" అన్నాడు.
పేరు వేస్తారంటండీ.
"నీదా, కొట్టుదా?"
కొట్టుదే అన్నాను.
మర్నాడు తనే పాత గోనెపట్టా ఒకటి తెచ్చి
దుమ్ము పడకుండా కప్పబోయాడు.
గాలాడకపోతే చచ్చిపోద్దండీ అంటే
నొచ్చుకుని
తీసేశాడు.

ఆ కంప్యూటర్ పోయింది, దాని తర్వాతది కూడా.
ముక్కలు పంచడం మానేశారని విన్నాను.
పళ్లెమూ కూలిపోయిందట,
తీగలు తెగి.

అప్పటి చిట్టా నా దగ్గరే ఉంది.
నాలుగు వందల పన్నెండు ముక్కలు,
ఒక్కోటీ నూట ఏడు సెకన్లు.
కూడితే
పదహారు సెకన్లు తక్కువ పన్నెండుంబావు గంటలు.
పుష్యమాసపు రాత్రి ఒకటి,
అదీ పూర్తిగా కాదు.

ఆ మేరకు పైన ఎవరూ పలకలేదని
షేక్ మస్తాన్‌వలి, గుమాస్తా, గుంటూరు,
సంతకం పెట్టగలడు.
ఆ పదహారు సెకన్ల సంగతి మాత్రం
నన్నడగొద్దు.