మూరెడు లోతు

వంటింటి పడమటి గోడకి
ఒకప్పుడు గుమ్మం ఉండేది.
ఇల్లు రెండిళ్ళైనప్పుడు
అవతలివాళ్ళు తలుపులు మూసి మేకులు కొట్టేసుకున్నారు.
ఎందుకు విడిపోయారో సూరీడత్తకే సరిగా గుర్తులేదు,
ఒక ఇత్తడి గుండిగ పేరు చెబుతుంది.
ఇవతల మాకు మిగిలింది
మట్టిగోడ మందమంత ఖాళీ.

పదకొండేళ్ళు ఆ ఖాళీలో
చీపురూ, ఊచ విరిగిన గొడుగూ,
తిరగడం మానేసిన గ్రైండరూ నిలబడ్డాయి.
నేనేమో కందిపప్పు మంచం కింద దాచేదాన్ని.
చోళ్ల డబ్బా కోసం వంగినప్పుడల్లా
గ్యాసుబండ మోచేతికి తగిలేది.
ఉలవలు అటక మీద.
అటక ఎక్కాలంటే స్టూలు కావాలి,
స్టూలు పట్టుకోడానికి అత్త కావాలి,
అత్తకి తీరిక కావాలి.
ఉలవచారు ఏడాదికి రెండుసార్లు.

ఈ ఏడు పర్లాకిమిడిలో
రథం కదిలిన రోజు పట్టిన వాన
మళ్ళీ రథం తిరిగొచ్చేదాకా వదల్లేదు.
మంచం కింద బెల్లానికి చెమట పట్టింది.
పసుపుకొమ్ముల మీద తెల్లటి నూగు.
పప్పు చేటలో పోస్తే
గింజలు కొన్ని నడిచి వెళ్ళిపోయాయి.
ఆ రాత్రే చేత్తో కొలిచాను గుమ్మాన్ని:
వెడల్పు రెండు మూరలు,
లోతు మూరెడు.

దండాసి వచ్చాడు, చెవి మీద పెన్సిలుతో.
"ఎన్ని అరలమ్మా?"
"ఐదు."
"ఆరు పడతాయి."
"నన్ను కాదు, డబ్బాల్ని అడుగు" అన్నాను.
డబ్బాలన్నీ నేల మీద బారు తీర్చాం,
బడి ఫొటోకి పిల్లల్ని నిలబెట్టినట్టు,
పొడుగువి వెనక.
ఏ మంచం కింద దాచానో
ఆ మంచం పట్టెలే అరలయ్యాయి.

మూడో అర దగ్గర
ఒక మేకు తలుపుచెక్క దాటి అవతలికి పోయింది.
"కొణ హెలా?"
అవతల్నుంచి కేక.
మూసిన తలుపులోంచి ఇన్నేళ్ళకి వచ్చిన మొదటి మాట.
ఆ సగం ఇప్పుడు పాఢీ వాళ్ళది,
గుండిగ సంగతి వాళ్ళకేం తెలుసు.

వీధి చుట్టి, గొడుగులో, తప్పు ఒప్పుకోడానికి వెళ్ళాను.
కుంతల చూపించింది:
తలెత్తున, రెండువేళ్ళ పొడవున, మేకు మొన.
వంచేస్తాడులే మా దండాసి అన్నాను.
ఆవిడ దాన్ని ఒకసారి వేలితో తట్టి చూసింది.
"థావు" అంది. ఉండనీ.

సర్దడానికి రెండు రోజులు పట్టింది.
బరువు నేలదని బియ్యం అడుగున.
రోజూ చెయ్యి వెళ్ళేవి నడుమెత్తున,
అత్తకి కనపడాల్సినవి కళ్ళెత్తున.
కాఫీపొడి అందరికీ అందని చోట, కారణాలున్నాయి.
కందుల్లో ఎండుమిరప, బియ్యంలో వేపరెమ్మ.
చీటీలు రాసి అంటించాను.
అత్త చీటీ చూడదు,
డబ్బా ఊపి చెవి దగ్గర పెట్టుకుంటుంది.
కందిపప్పు గలగల.
చోళ్లైతే ఏట్లో ఇసక జారినట్టు.
ఒక డబ్బా ఏ చప్పుడూ చెయ్యకపోతే
"అయిపోయింది, నాకు చెప్పవేం?" అంటుంది
ఆ డబ్బా తనే ఖాళీ చేసినట్టు తెలిసి కూడా.

ఆరో అరలో ఇంకా ఏమీ పెట్టలేదు.
దండాసి రెండుసార్లు వచ్చి చూసి,
"పడుతుందన్నానా?" అని వెళ్ళాడు.

ఉలవలు ఇప్పుడు మూడో అరలో.
ఈ నెలలో నాలుగుసార్లు ఉలవచారు,
ప్రతిసారీ ఒక గిన్నె వీధి చుట్టి వెళుతుంది,
మా గుమ్మం నుంచి వాళ్ళ గుమ్మానికి
అరవై అడుగులు, మధ్యలో ఒక బురదగుంట.

ఆ మేకుకి కుంతల జల్లెడ తగిలించింది.
రాత్రి దాన్ని తీసినప్పుడల్లా
మా మూడో అర కొద్దిగా అదురుతుంది,
మూతలు ఒకదాన్నొకటి తాకుతాయి.
దీపం తీసేసి పడుకున్న అత్త
చీకట్లోంచే అంటుంది:
"పిండి జల్లిస్తోంది. రేపు పీఠాలు."