ముప్పై ఒకటో కుప్ప

వేలేరు గుట్టల కింద ఓదెలు చెల్కల
బోరు లారీ నిలవడ్డది. ఇది నాలుగోది.
మూడు బోర్లు ఉత్త దుమ్మే కక్కినయి,
మూడిటి నోర్ల మీద మూడు రాళ్లు పెట్టిండు.

నా పని పొడి ఏరుడు.
పది ఫీట్లకో దోసెడు పట్టి
గోనెపట్ట మీద వరుసగ కుప్పలు పోసుడు.
మొదటిది ఎర్రమట్టి,
రెండోది, మూడోది మొరం,
నాలుగో కుప్ప కాడ్నుంచి బూడిదరంగు బండ.
ఇగ అంతా బండే.

భూగర్భ జలశాఖ హైమవతి మేడం
చిటికెడు పొడి పంటి కింద నలిపి
"దీనికి రెండు వందల యాభై కోట్ల ఏండ్లు" అన్నది.
ఓదెలు నవ్విండు:
"పాసుబుక్కుల మా తాత పేరే ఎక్కలే మేడం."

అప్పుడు గడ్డి లేదట, చేప లేదట,
ఎముకన్నదే పుట్టలేదట.
లోపలి రాయి కాగి కరిగి
తేలికది పైకి తేలిందట.
పాల మీద మీగడ కట్టినట్టా, అని అడిగిన.
"మీగడే. కాని చల్లారి, మళ్లీ మరిగి,
మళ్లీ చల్లారిన మీగడ."
ఆ తునకలు జరుగుకుంట జరుగుకుంట వచ్చి
ఒకదాన్నొకటి గుద్దుకొని, ఒకదాని కిందికొకటి దూరి
అతుకు కనవడకుంట ఒక్కటైనయట.

ఓరుగల్లు, ఒంటి రాయి, అని పేరు పెట్టినోళ్లకు
అది ఎన్ని రాళ్ల పొత్తో ఎవలు చెప్పిన్రు?

గోదారి గూడ తన తొవ్వ తాను తవ్వుకోలేదట,
రెండు పాత నేలల నడుమ చినిగిన కాడ నడుస్తున్నదట.
ఆ చినుగుల పడ్డ అడవే బొగ్గు.
మా బావ గోదావరిఖనిల
రోజూ దిగేది ఆ చినుగులకే.
వానికి చెప్పాలె. నమ్మడు.

నూట ఎనభై ఫీట్ల కాడ మోత మారింది.
పొడి నల్లగొచ్చింది, కాటుక లెక్క.
"బండ పగిలినప్పుడు కింది నుంచి ఎగదన్ని
గడ్డకట్టిన గోడ ఇది" అన్నది మేడం.
ఓదెలుకు గోడ అన్న మాటే ఇనవడ్డది.
డీజిల్ లెక్క అడిగిండు. బీడీ ఆర్పిండు.
"ఆపుమంటవా?"

"నీళ్లు బండల ఉండవు ఓదెలూ,
బండ ఇరిగిన కాడ ఉంటయి.
ఇంత పాత నేల
ఎక్కడో ఒక్కకాడ ఇరగకుంట ఉంటదా?"
ఆమె గొంతుల గూడ
అది సగం ప్రశ్నే.

నల్లది పోయి మళ్ల బూడిదరంగు.
ఇరవై ఆరు. ఇరవై తొమ్మిది. ముప్పై.
పొద్దు గుట్ట మీదికొచ్చింది.
ఉన్నట్టుండి రాడ్డు
జానెడు ఉత్తగనే జారింది.

దుమ్ము ఆగింది.
నేను దోసిలి పట్టిన.
ముప్పై ఒకటో కుప్ప
కుప్ప పడలేదు,
ఏళ్ల సందుల కెల్లి
చల్లగ కారిపోయింది.