చివరి గ్లాసు

పదకొండు కిలోమీటర్లు, మొరావా ఒడ్డున, మంచు బురదలో.
ముందుగా ఒటకర్ వస్తాడు,
నిలబడే సగం గ్లాసు ఒక్క గుక్కలో.
"ఒంట్లోంచి పోయిన ఉప్పు దీంతో పూడదు"
అంటుంది డాక్టర్ ల్యుడ్మిలా,
మీసంలా అంటిన నురగ తుడుచుకోకుండానే.
చొక్కాల మీద చెమట ఆరి తెల్లటి చారలు.

చివర్న ఎప్పుడూ హినెక్.
డెబ్బై రెండేళ్లు. ఎడమ మోకాలు మాట వినదు.
అతని గ్లాసూ అందరితోపాటే నింపేదాన్ని.
వచ్చేసరికి నురగ చచ్చి, బీరు వెచ్చబడి
"కషాయం" అని నవ్వి తాగేవాడు.

ఈ చలికాలం నుంచి
వంతెన మలుపులో ఎర్ర టోపీ కనబడ్డాకే
కుళాయి తిప్పుతున్నాను.

నిన్న, అంచు దాటిన నురగను
చాలాసేపు చూశాడు.
"ఇవాళ తొందరగా వచ్చానన్నమాట."

గోడ గడియారానికి అడ్డంగా జరిగి
అవునన్నాను.